కోయని గొర్రె

ఏప్రిల్ 6

ఇది నా కొడుకు ఓద్వా ఏడో తరగతి సెసోతో నోటుబుక్కు. ముందు సగం వాడి రాత, వెనక సగం ఖాళీ. ఆ ఖాళీలో నేను రాసుకుంటున్నాను. మూడో తరగతిలో బడి మానేసినదాన్ని. ఎవరికీ చూపించేది కాదు కాబట్టి తప్పులున్నా ఫరవాలేదు.

కోడలు పొద్దున వెళ్ళిపోయింది.

కోడలు అని రాసి కొట్టేశాను. ఆ పిల్ల పేరు నాలెది.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. అది పద్ధతి, అందులో ఎవరి తప్పూ లేదు. వాళ్ళ నాన్న మొఖెతి వచ్చి తీసుకెళ్ళాడు. ఏడో నెల. మొగుడు పోయినందుకు కట్టిన నల్లబట్టల్లో పొట్ట ఇంకా పెద్దగా కనబడుతోంది. ఓద్వా దుప్పటి కప్పుకుంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. కంచె దాటాక ఆ పిల్ల వెనక్కి తిరిగి నాతో సెసోతోలో ఏదో అంది. అందులో ఒక్క మాటే నాకు తెలిసింది. గొర్రె. దానికి ముందూ వెనకా ఏమందో తెలీదు. వాళ్ళ నాన్న తల దించుకున్నాడు. నేను లోపలికి వచ్చేశాను.

ఏమని ఉంటుంది? నాకు తెలుసు ఏమని ఉంటుందో.

దేశమంతా మాట్లాడేది సెసోతో భాష అయినా సెంకూ నది ఒడ్డున ఈ నాలుగు ఊళ్ళూ మావి, ఖోసా మాట్లాడేవాళ్ళవి. బళ్ళో మాత్రం సెసోతోనే. మా భాషలో జవాబు చెప్పానని పంతులు వేళ్ళ కణుపుల మీద కొట్టాడు, ఆ రోజే పలక అక్కడ పెట్టి వచ్చేశాను. నాలెదికి ఖోసా రాదు, నాకు సెసోతో రాదు. ఓద్వా ఉన్నన్నాళ్ళూ మా ఇద్దరికీ వాడే నోరు. ఫిబ్రవరిలో వాణ్ణి నది తీసుకుపోయాక రెండు నెలలు ఒకే పొయ్యి దగ్గర కూచున్నాం. ఒక్క మాట లేదు.

ఏప్రిల్ 7

ఇంటి వెనక కట్టేసిన గొర్రె రోజంతా అరుస్తూనే ఉంది.

ఏప్రిల్ 9

సెసోతో నేర్చుకోవాలి. ఓద్వా దుప్పటి ఆ పిల్ల కప్పుకుని వెళ్ళింది. అది నాకు కావాలి. నది దాటి వాళ్ళింటికి వెళ్ళి అడగాలంటే వాళ్ళ భాషలో అడగాలి. అంతే, ఇంకేం లేదు.

బస్సు ఆగే చోట మాలెరాతో అనే ఆమె నూనెలో పిండి ఉండలు వేయించి అమ్ముతుంది. అవతలి ఒడ్డు నుంచి మా ఊరికి కోడలిగా వచ్చి ముప్ఫై ఏళ్ళయింది, రెండు భాషలూ గడగడా మాట్లాడుతుంది.

"అక్కా, నాకు సెసోతో నేర్పు" అన్నాను.

గరిట ఆపి నన్ను ఎగాదిగా చూసింది. "ఏభై రెండేళ్ళు ఈ దేశపు జొన్నలు తిన్నావు. ఇప్పుడా ఆ తెలివి వచ్చింది?"

"దుప్పటి అడగాలి."

"దుప్పటికి భాషెందుకే? చెయ్యి చాపితే చాలదా?" అని నవ్వబోయి, నా మొహం చూసి ఆపేసింది. "సరే. రేపటినుంచి నా దగ్గర మీ భాషలో అడిగితే ఉండ పెట్టను. కడుపు మాడితే మాట దానంతటదే వస్తుంది."

ఏప్రిల్ 11

మొదటి పాఠం పలకరింపు. "ఎక్కడున్నారు?" అని ఒకరు అడగాలి. "ఉన్నాం" అని ఇంకొకరు చెప్పాలి. పుట్టినప్పటినుంచీ వింటూనే ఉన్నాను, నోటితో ఎప్పుడూ అనలేదు.

"ఎదురుగా నిలబడ్డ మనిషిని ఎక్కడున్నావని అడగడమేంటి అక్కా?"

"ఎదురుగా నిలబడ్డవాళ్ళంతా ఉన్నట్టేనా? ఇప్పుడు నువ్వున్నావా?"

ఆమె ఒక ఉండ కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టింది. "మీ భాషలోలా అలా నాలుక చప్పరించకు. మీవాళ్ళు మాట్లాడుతుంటే గుర్రాన్ని అదిలిస్తున్నట్టుంటుంది" అంది. బస్సు కోసం నిలబడ్డవాళ్ళు నవ్వారు. నేను కూడా నవ్వాననుకుంటాను.

ఏప్రిల్ 15

ఒక సంగతి రాసి పెట్టుకోవాలి. రేపు ఎవరైనా ఏదైనా అంటే నాకు గుర్తుండాలి.

కొత్త కోడలు ఇంటికొస్తే అత్తవారు ఒక గొర్రెను కోసి పెడతారు. ఆ మాంసం తిన్నాకే ఆమె ఆ ఇంటి మనిషి. కొత్త పేరు పెట్టేది కూడా అప్పుడే. అంతవరకూ ఆమె చుట్టమే, ఆ ఇంట్లో మాంసం ముట్టదు. నాలెది కిందటి ఆగస్టులో వచ్చింది. ఆగస్టు అంటే చలికాలం చివర, గడ్డి ఉండదు. మందలో అన్నీ బక్కచిక్కి ఉన్నాయి. కోయదగ్గది ఒక్కటీ లేదు. అందుకని కోయలేదు.

ఏప్రిల్ 16

గొర్రె మేత ముట్టడం లేదు. ఉప్పు పెట్టాను, నాకింది.

ఏప్రిల్ 24

ఇవాళ పది మాటలు వచ్చాయి. నీళ్ళు, నిప్పు, కూర్చో, లే, తల్లి, కొడుకు, పెళ్ళాం, రేపు, నిన్న, ఇవ్వు.

ఆగస్టు సంగతి మళ్ళీ ఆలోచించాను. బక్కచిక్కినవే కాదు, కొన్నిటికి గజ్జి కూడా పట్టింది. గజ్జి పట్టినదాన్ని కొత్త కోడలికి ఎవరైనా కోస్తారా?

మే 2

త్సోలో అని, పడవ నడిపేవాడు, జొన్న బస్తా దింపడానికి మా వైపు వచ్చాడు. ముసలివాడు, ఎవరితోనైనా వాళ్ళ భాషలోనే మాట్లాడతాడు. ఇవాళ నేను సెసోతోలో పలకరించాను. బస్తా కింద పెట్టి నోరు తెరిచి చూశాడు.

"ఓద్వా వాళ్ళమ్మా, రాళ్ళు నమిలినట్టున్నాయి నీ మాటలు. కానీ తెలుస్తున్నాయిలే."

తర్వాత ఇంటి వెనక్కి వెళ్ళి చూసి వచ్చాడు.

"ఆ గొర్రెని ఇంకా ఒంటిగానే కట్టావా? దాని చెవి కోత చూశావా? అది అవతలి ఒడ్డువాళ్ళ గుర్తు."

"చూడలేదు" అన్నాను.

"చూస్తే ఎవరిదో తెలుస్తుంది."

"నాకు తెలియక్కర్లేదు."

ఆ గొర్రెని ఫిబ్రవరిలో నాకు తెచ్చిచ్చింది అతనే. అర మైలు దిగువన గట్టెక్కి వణుకుతూ నిలబడి ఉంటే తోలుకొచ్చాడు. ఓద్వా ఇంకో రెండు రోజులకి దొరికాడు.

మే 9

"నాకు దుప్పటి కావాలి." "నా కొడుకు దుప్పటి మీ ఇంట్లో ఉంది." "దయచేసి ఇప్పించండి." మూడూ తడబడకుండా వచ్చాయి. మాలెరాతో రెండు ఉండలు ఇచ్చింది.

మే 17

ఇవాళ గొడవ.

మాలెరాతో పిండి కలుపుతూ అంది: "ఇంకో మూడు వారాల్లో కాన్పు. వీపు సిద్ధం చేసుకో. మగపిల్లాడైతే కబురు తెచ్చినవాళ్ళు తండ్రిని కర్రతో బాదుతారు, ఆడపిల్లయితే నెత్తిన నీళ్ళు గుమ్మరిస్తారు. తండ్రి లేడు గదా, ఆ బాకీ నీదే."

"ఇది మా ఊళ్ళోనూ ఉంది. నాకు తెలుసు."

"అయితే కర్ర కోరుకుంటావా, నీళ్ళు కోరుకుంటావా?"

"వాళ్ళు కబురే పంపకపోతే?"

"ఎందుకు పంపరూ? పంపకపోతే బిడ్డ మీ ఇంటిది కాదన్నట్టు. ఊరికే అంత మాటనరు ఎవరూ." చేతికంటిన పిండి గీక్కుంటూ అడిగింది. "కోడలికి గొర్రె కోశావుగా?"

నాకొచ్చిన సెసోతో అంతా ఎక్కడికో పోయింది. ఖోసాలో ఏదో గట్టిగా అనేసి వచ్చాను. ఏమన్నానో రాయను. నాలుగు రోజులు అటు వెళ్ళను.

మే 19

ఎక్కడికీ వెళ్ళక ఈ నోటుబుక్కు ముందు పేజీలు తిప్పాను. ఇన్నాళ్ళూ గీతల్లా కనబడ్డవి ఇవాళ మాటల్లా కనబడ్డాయి. వేలు పెట్టి చదివాను.

"నా పేరు ఓద్వా. మా ఇంట్లో ఇద్దరం. నేను, మా అమ్మ. మా అమ్మ పెద్దగా నవ్వుతుంది. నది అవతలికి వినబడుతుంది."

కింద పంతులు ఎర్ర సిరాతో బాగుంది అని రాశాడు.

నేను పెద్దగా నవ్వేదాన్నా?

మే 22

మాలెరాతోనే వచ్చింది. గుమ్మం బయట నిలబడి "ఎక్కడున్నారు?" అంది. పొయ్యిలో పుల్ల ఎగదోశాను. తర్వాత "ఉన్నాను" అన్నాను. లోపలికొచ్చి కూచుంది. గొర్రె సంగతి అడగలేదు. ఒకళ్ళింటికి ఏదైనా కోరడానికి వెళ్తే ఎలా కూర్చోవాలో, ఎవరు ముందు మాట్లాడాలో చెప్పింది.

"వెళ్ళగానే అడిగెయ్యకు. కంచె బయట కూర్చో. వాళ్ళు చూసి పిలుస్తారు. పలకరింపులయ్యాక 'ఏం పని మీద వచ్చారు' అని వాళ్ళే అడగాలి. అంతవరకూ నోరు మూసుకో. నీకది కష్టమే."

"ఒకవేళ పిలవకపోతే?"

"పిలవకపోతే అక్కడే కూర్చో. చలికి గడ్డకడితే అప్పుడు ఎలాగూ లోపలికి మోసుకెళ్తారు."

మే 30

కబురు రాలేదు. ఇంకా టైముంది.

జూన్ 4

కబురు రాలేదు.

జూన్ 8

రాలేదు. కొండల మీద మంచు పడింది. గొర్రె గొంతు బొంగురుపోయింది, అయినా అరుస్తోంది.

జూన్ 11

త్సోలో చెప్పాడు. తనంతట తను చెప్పలేదు, నేను రేవుకి వెళ్ళి అడిగితే చెప్పాడు. మొఖెతి ఇంట్లో ఒక గుడిసె చూరుకి రెల్లుకర్ర గుచ్చారట. నాలుగు రోజులయిందట.

రెల్లుకర్ర గుచ్చారంటే బిడ్డ పుట్టినట్టు.

"ఆడా, మగా?"

"నా నోటితో చెప్పకూడదమ్మా. వాళ్ళు వచ్చి చెప్పాలి."

"వాళ్ళు రాలేదు త్సోలో. నాలుగు రోజులు."

అతను తెడ్డు మీద పట్టిన మంచు గోకుతూ ఉండిపోయాడు.

జూన్ 12

వెనక పేజీలన్నీ చదివాను. గొర్రెలు బక్కచిక్కాయని రాశాను. గజ్జి అని రాశాను.

గొర్రె ఉంది. మందలోనే, తెల్లమొహం పోతు. బలిసి ఉంది. ఓద్వా ఆగస్టులో దొడ్డి దగ్గర నిలబడి "అమ్మా, దేన్ని కొయ్యమంటావు?" అని అడిగినప్పుడు నేను దాన్నే చూస్తున్నాను. చూస్తూనే "ఏదీ లేదు" అన్నాను. వాడూ దాన్నే చూస్తున్నాడు.

వాళ్ళిద్దరూ పొయ్యి దగ్గర ఏదో చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. ఏమిట్రా అంటే "ఏం లేదమ్మా, ఊరికే" అనేవాడు. ఇరవై ఆరేళ్ళు నా కొడుకు నవ్వు నాకు అర్థమైంది. ఆ పిల్ల వచ్చాక అర్థం కాలేదు. ఎనిమిది నెలలు ఆ పిల్ల మా ఇంట్లో ఆకుకూర, సంకటి తప్ప తినలేదు. మాంసం వండిన రోజు తనే లేచి బయటికెళ్ళేది. ఒక్కసారి కూడా మొహం మాడ్చుకోలేదు. దానికి కూడా నాకు కోపమే వచ్చింది.

ఫిబ్రవరిలో వాడు మళ్ళీ అడిగాడు. "అమ్మా, బిడ్డ రాబోతోంది. ఇంకా నా పెళ్ళాం ఇంట్లో చుట్టమేనా?" అన్నాడు. బయట వాన. "అంత కావాలంటే నువ్వే తెచ్చుకో" అన్నాను.

నది అవతలికి వెళ్ళి తెచ్చుకున్నాడు. పొంగిన నదిలో పడవ దింపనని త్సోలో చెప్తే గొర్రెని భుజాల మీద వేసుకుని వెడల్పు రేవు దగ్గర దిగాడు. గొర్రె గట్టెక్కింది.

ఆ పిల్ల వెళ్తూ అన్నది దీని గురించే. గొర్రె నీదగ్గరే ఉంచుకో, నా మొగుణ్ణి పొట్టన పెట్టుకున్నావు, అలాంటిదే ఏదో. వినాలి. ఏమందో వాళ్ళ భాషలో వినాలి. దుప్పటి కోసం కాదు.

జూన్ 13

రేపు వెళ్తాను. మాలెరాతో తనూ వస్తానంది. వద్దన్నాను. మన నోటితో మనమే చెప్పుకోవాల్సినవి కొన్నుంటాయి.

జూన్ 15

నిన్నటిది రాస్తున్నాను.

ఫిబ్రవరి తర్వాత నది మీదికి వెళ్ళడం ఇదే మొదలు. నీళ్ళు తక్కువగా, అద్దంలా ఉన్నాయి. పడవ అంచు రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకున్నాను. త్సోలో అవతలి గట్టు చేరేదాకా ఆపకుండా తన మోకాళ్ళ నొప్పుల గురించి చెబుతూనే ఉన్నాడు. ఆ ముసలివాడి మనసు నాకు తెలుసు.

వాళ్ళ కంచె బయట కూచున్నాను. రెల్లుకర్ర కనబడింది. ఒక గుడిసెలోంచి సన్నగా ఏడుపు వినబడింది. పిల్లి అరిచినట్టు. లేవబోయి మళ్ళీ కూచున్నాను. చాలాసేపటికి నాలెది తల్లి మాథబిసో బయటికొచ్చి నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఇంకా చాలాసేపటికి మొఖెతి వచ్చి చేత్తో పిలిచాడు. వాకిట్లో చాప వేశారు. అతను ముక్కాలిపీట మీద దుప్పటి నిండా కప్పుకుని కూచున్నాడు. పలచగా ఎండ ఉంది. మాథబిసో గుమ్మానికి ఆనుకుని చేతులు కట్టుకు నిలబడింది.

"ఎక్కడున్నారు?" అన్నాడు.

"ఉన్నాం. మీరెక్కడున్నారు?"

"ఉన్నాం."

నా నోటి వెంట సెసోతో విని మాథబిసో కట్టుకున్న చేతులు వదులు చేసింది.

"ఏం పని మీద వచ్చారు?" అన్నాడు మొఖెతి.

దుప్పటి మాటలు మూడూ నాలుక మీదే ఉన్నాయి. ఒక్కటీ బయటికి రాలేదు. వేరే మాటలు వచ్చాయి. వాటిని ఎవరూ నాకు నేర్పలేదు.

"గొర్రె ఉంది" అన్నాను. "ఆగస్టు. మా ఇంట్లో గొర్రె ఉంది. గొర్రె మంచిది. నేను కొయ్యలేదు. కొడుకు అడిగాడు. లేదన్నాను. మీ పిల్ల మంచిది. నేను మంచి కాదు. కొడుకు మళ్ళీ అడిగాడు. నువ్వు తెచ్చుకో అన్నాను. నదికి పంపింది నేను."

ఇంకా ఏదో చెప్పాలి. మాటలు అయిపోయాయి. నాకు తెలిసిన సెసోతో అంతే.

మొఖెతి నేల చూస్తున్నాడు. వెళ్ళిపొమ్మంటాడనుకున్నాను.

"ఆ గొర్రె ఎక్కడుంది?" అన్నాడు.

"మా ఇంట్లో. మేత పెడుతున్నాను."

"ఎడమ చెవి వెనక రెండు కోతలు, కొసన ఒకటి. చూశారా?"

"చూడలేదు."

"అది నా గుర్తు."

అతను నిదానంగా చెప్పాడు, నాకు తెలియాలని. ప్రతి మాటా తెలిసింది. అర్థం కాకపోతే బాగుండునని మొదటిసారి అనిపించింది.

"నీ కొడుకు కొంటానని వచ్చాడు. అల్లుడి దగ్గర ఏం తీసుకుంటాం, ఊరికే ఇచ్చాను. ఆడపిల్లవాళ్ళు ఆ గొర్రెని ఇవ్వకూడదు, నాకు తెలుసు. మీ మందలో లేదేమో, చెప్పుకోడానికి సిగ్గుపడుతున్నారేమో అనుకున్నాను. నా పిల్ల ఆకలి చూడలేకపోయాను. నది పొంగింది, పొద్దున్నే వెళ్ళరా అన్నాను. గట్టిగా అనలేదు. నేనే వాడి భుజాల మీద ఎత్తి పెట్టాను." దుప్పటి అంచుతో మొహం తుడుచుకున్నాడు. "బిడ్డ పుట్టి వారమైంది. కబురు పంపాలని రోజూ అనుకున్నాను. నీ కొడుకు మెడ మీద ఆ బరువు పెట్టిన చేత్తో నీ ఇంటికి ఏ కబురు పంపను తల్లీ?"

నేను చాప మీది పీచు లాగుతూ కూచున్నాను.

అంతలో నెత్తిన నీళ్ళు పడ్డాయి.

చల్లటి నీళ్ళు, బకెట్ నిండా, వెనకనుంచి. ముక్కులోకి పోయాయి. ఊపిరి ఆగింది. ఒక్క క్షణం నది వచ్చి పట్టుకుందనుకున్నాను. గట్టిగా అరిచాను. ఓద్వా పేరే అరిచాను. కళ్ళు తెరిచేసరికి మాథబిసో ఖాళీ బకెట్ పట్టుకుని ఏడుస్తూ నిలబడి ఉంది. ఏడుస్తూనే నోరు తెరిచి ఉలూలూ అని సంబరపు కూత పెట్టింది. పక్క గుడిసెల్లోంచి ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు అందుకున్నారు. కుక్కలు మొరిగాయి.

"ఆడపిల్ల!" అంది మాథబిసో. "వదినా, మీ ఇంటికి ఆడపిల్ల!"

మీ ఇంటికి అంది. నేను సరిగ్గానే విన్నాను. మళ్ళీ అడిగాను, మళ్ళీ అంది.

నీళ్ళోడుతూ రెల్లుకర్ర ఉన్న గుమ్మం దగ్గరికి వెళ్ళాను. నాలెది లోపల గోడకి ఆనుకుని కూచుంది. నన్ను చూసి తన మీది దుప్పటి తీసి ఇచ్చింది. ఓద్వా దుప్పటి. కప్పుకున్నాను. వాడి వాసన లేదు, పాల వాసన వేసింది.

అడగాల్సింది అడిగాను. "వెళ్ళే రోజు, కంచె దగ్గర, నువ్వు ఏమన్నావు? గొర్రె, ఏదో అన్నావు. చెప్పు. తిట్టినా చెప్పు."

ఆ పిల్లకి గుర్తు రావడానికి కొంచెంసేపు పట్టింది.

"తిట్టడమేంటి అత్తా? ఆ గొర్రెని ఒంటిగా కట్టెయ్యకండి, మందలో కలపండి, లేకపోతే అరిచి అరిచి చస్తుంది అన్నాను. మీరు వినకుండా లోపలికెళ్ళిపోయారు."

"అంతేనా?"

"అంతే. రాత్రంతా దాని అరుపు వినలేకపోయాను."

తర్వాత బిడ్డని చేతిలో పెట్టింది. తడిసి ఉన్నానని అంటే ఫరవాలేదంది. నుదురు వాడిదే. మిగతాది ఇంకా తెలియడం లేదు. పేరు మీరే పెట్టాలన్నారు, ఆలోచించాలి.

దుప్పటి అక్కడే వదిలి వచ్చాను. బిడ్డకి చలి.

జూన్ 16

పొద్దున గొర్రె కట్టు విప్పాను. చెవి చూశాను. వెనక రెండు కోతలు, కొసన ఒకటి. దొడ్డి తలుపు తీస్తే నేరుగా మందలోకి దూరింది, ఏది ఏదో తెలియకుండా పోయింది. మధ్యాహ్నం మాలెరాతో వచ్చి ఇంత నిశ్శబ్దంగా ఉందేమిటి అంది.

దాన్ని కోసేది లేదు. తెల్లమొహం పోతు ఇంకా ఉంది. ఇవాళే ఎర్ర గుడ్డ కట్టి గుర్తు పెట్టాను. చలి తగ్గాక, ఆగస్టులో, కోడలు వస్తుంది.